చారిత్రక జలస్రావం

పలకలపేట బాలికల హాస్టల్లో ప్రతి వానా రెండుసార్లు కురిసేది. ముందు బయట, తరవాత లోపల. బయట వెలిసినా లోపల వెలియడానికి ఇంకో పూట పట్టేది. పిల్లలు దానికి అలవాటు పడిపోయారు. మబ్బు పట్టగానే ఎవరో ఒకతె "తాతయ్య లేచాడే!" అని కేక పెట్టేది. అంతే, హాలు నడుమ పరుచుకున్న చాపలన్నీ గోడల వారకు జరిగేవి. వంటింట్లోంచి పాత గంగాళం దొర్లుకుంటూ వచ్చి హాలు మధ్య కూర్చునేది. పైనుంచి తాతయ్య టప్పుమనేవాడు.

తాతయ్యంటే ఆ ఇల్లు కట్టించిన దొర. పేరు హార్‌గ్రీవ్స్, ఊరి నోట్లో ఆరుగిరి దొర. నీలిమందు వ్యాపారానికి సముద్రం దాటి వచ్చాడు. ఇంగ్లండు పల్లెటూళ్లో వాళ్లకు తాతలనాటి మహా బంగళా ఒకటి ఉండేది. అక్కడి ఆచారం ప్రకారం ఇల్లంతా పెద్దకొడుక్కే పోతుంది. ఈ దొర రెండోవాడు. అన్నకు దక్కిన ఇల్లు తనకూ ఉండి తీరాలని, దాని పటం గీయించి తెచ్చుకుని, పలకలపేట ఇసకదిబ్బల మీద మక్కికి మక్కి కట్టించాడు. అక్కడ చలి గనక గదిగదికీ చలిమంట పొయ్యి ఉంది, ఇక్కడా పెట్టించాడు. అక్కడ ఎండ అపురూపం గనక కిటికీలన్నీ ఎండకెదురుగా ఉన్నాయి. ఇక్కడా ఎండకెదురుగానే పెట్టించాడు. అక్కడ మంచు జారిపోవాలని నిటారు కప్పులు రెండు పక్కపక్కన లేపి, కరిగిన నీళ్లు పోవడానికి మధ్యలో జానెడు దోనె వదిలారు. ఇక్కడా ఆ జానెడే వదిలించాడు. "దొరగారూ, మా వాన మీ మంచులాగా నెమ్మదస్తురాలు కాదండీ" అని మేస్త్రీ చెప్పబోతే, "పటంలో ఉందా?" అని అడిగాడట దొర. పటంలో వాన లేదు. మొదటి తుపానుకే ఆ దోనె పొంగి హాలు నడుమ కారింది.

అది మొదలు ఆ ఇంటి చరిత్రంతా ఆ కారుడు ఆపడానికి పడిన పాట్ల చరిత్రే. దొర దోనె మీదుగా ఒక బురుజు కట్టించాడు. బురుజు మీద పడ్డ నీళ్లు కూడా హాల్లోకే వచ్చాయి. దొరసాని విసిగిపోయి పక్కన అద్దాల గది కట్టించుకుని అందులోకి మకాం మార్చింది. మొదటి వేసవికే అందులోని పూలమొక్కలూ, చుట్టపుచూపుగా వచ్చిన ఆవిడ మేనత్తా కలిసి వాడిపోయారు. ఆ తరవాత ఇల్లు కొన్న జమీందారు గుమ్మం మీద గజలక్ష్మిని నిలిపి, కారే చోట సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి మెత్తించాడు. చీమలు వచ్చాయి గాని కారుడు పోలేదు. చివరికి సర్కారు వచ్చింది. బురుజు పడగొట్టి, అద్దాల గది చోట స్నానాల గదులు కట్టి, వెనక రేకుల వంటిల్లు దించి, చలిమంట పొయ్యిల్లోకి పిల్లల ట్రంకుపెట్టెలు తోసి, ఇల్లంతా పసుపురంగు సున్నం కొట్టి, హాస్టలని బోర్డు తగిలించింది. కారుడు జోలికి మాత్రం పోలేదు. అది సర్కారు తెలివి.

వార్డెను గేదెల వరహాలమ్మ ఆ కారుడు కిందే జుట్టు నెరిపించుకుంది. ఏటేటా వేసవికి ముందే కప్పు బాగు చేయించమని అర్జీ పెట్టేది. ఏటేటా వానలు వెలిశాక "మరమ్మతులకు మంజూరు లేదు" అని జవాబు వచ్చేది. నిరుడు వానల్లో తొమ్మిదో తరగతి పిల్లల పుస్తకాలు తడిసి, ఎండబెట్టాక పేజీలు విడదీస్తే లెక్కల మీదికి సాంఘికశాస్త్రం వచ్చేసింది. బంగారమ్మ అనే పిల్ల ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చిన ఏడుపు వరహాలమ్మ మనసులోంచి పోలేదు. వచ్చే ఏడు తను రిటైరైపోతుంది. ఈ పిల్లల్ని ఒక్క వానాకాలమైనా పొడి నేల మీద పడుకోబెట్టకుండా పోతే ఆ పింఛను తనకు అరగదనుకుంది. అందుకని ఈసారి అర్జీలో కాస్త జాలి పుట్టేలా "ఇది దొరలనాటి పాత కట్టడం" అని ఒక ముక్క చేర్చింది.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది. ఆ రోజుల్లోనే పాత కట్టడాల మీద పైవాళ్లకు పుట్టెడు ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రాచీన కట్టడాల పరిరక్షణ మండలి అని ఒకటి వెలిసి, జిల్లాకొక చరిత్ర చొప్పున వెతికి పట్టుకోవాలని తిరుగుతోంది. పాత కట్టడమన్న మాట కంటబడగానే అర్జీ మరమ్మతుల వాళ్ల బల్ల మీంచి లేచి మండలి వాళ్ల బల్ల మీద వాలింది. నాలుగు రోజులకు హాస్టలు ముందు జీపు ఆగింది.

దిగినాయన మండలి సంయుక్త సంచాలకులు విశ్వంభరరావు గారు. వెనకాలే ఇంజనీరు ధనుంజయ, చంకలో ఫైలుతో. విశ్వంభరరావు గారు ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు.

"ఇట్టి భవనమును సందర్శించు అవకాశము కలుగుట మిక్కిలి సంతోషదాయకము," అన్నారు గుమ్మంలో నిలబడి.

వంటమనిషి సన్యాసమ్మ వార్డెను చెవి దగ్గరికి వంగింది. "ఏటంతన్నాడమ్మా?"

"వచ్చానంటున్నారు."

"ఆ ముక్కకి ఇంత దూరం తిరిగొచ్చినాడేటి!"

విశ్వంభరరావు గారు ఇల్లంతా కలయదిరిగారు. చలిమంట పొయ్యిలోకి తొంగి చూస్తే ట్రంకుపెట్టెలు కనబడ్డాయి. "మూల లక్షణము కోల్పోయినది," అన్నారు. ధనుంజయ రాసుకున్నాడు. కిటికీలు చూస్తే సగం ఇటుకలతో మూసేసి ఉన్నాయి. మూల లక్షణము కోల్పోయినవి. గుమ్మం చూస్తే గజలక్ష్మి. రావు గారి మొహం వాడిపోయింది. ఇక తిరిగి జీపెక్కబోతూ హాలు మధ్య అడుగేసేసరికి ఆయన మడమ ఒక గుంతలో పడి కాలు మెలిక తిరిగింది. కిందికి చూశారు. నేల పరిచిన నల్లరాతి మీద, నున్నగా, చారెడు వెడల్పున చక్కని గుంత.

"ఇది ఎవరు చెక్కినారు?"

"తాతయ్యండి," అంది పక్కనున్న బంగారమ్మ.

"ఎవరి తాతయ్య?"

"మా తాతలెవలూ కాదు బాబూ," అని అందుకుంది సన్యాసమ్మ. "దొర తాతయ్య. ఆడు పైనుంచి ఒకే సోట టప్పు టప్పుమని పడీ పడీ రాయిని తొలిసీసినాడు. కారుడు బాబూ, కారుడు."

విశ్వంభరరావు గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. గుంతలో అరచెయ్యి పెట్టారు. కళ్లు మూసుకున్నారు. లేచేసరికి కళ్లలో నీళ్లున్నాయి, మడమ నొప్పికో చరిత్రకో తెలియదు.

"ఇంజనీరు గారూ! ఈ ఇంట తలుపులు మారినవి. రంగులు మారినవి. యజమానులు మారినారు. దొరగారి కాలము నుండి నేటి వరకు ఎట్టి మార్పునకు లోను గాక కొనసాగుచున్న ఏకైక నిర్మాణాంశము ఏది?"

ధనుంజయ పైకి చూశాడు, కిందికి చూశాడు. "కారుడండి."

"కారుడు అనరాదు. చారిత్రక జలస్రావము."

వరహాలమ్మకు ఆశ పుట్టింది. "అయితే బాగు చేయిస్తారా సార్?"

ఆయన దెబ్బ తిన్నట్టు చూశారు. "బాగు చేయుటయా? అమ్మా, శిల్పమునకు ముక్కు విరిగియున్న యెడల సిమెంటు ముక్కు అతికింతురా?"

"ముక్కు కారితే తుడుత్తాం గదేటి బాబూ," అంది సన్యాసమ్మ. ఆ ముక్క ధనుంజయ రాసుకోలేదు.

వారం తిరక్కుండా బోర్డు దిగింది. "ఇందలి చారిత్రక జలస్రావమును ఆపుట, అడ్డుకొనుట, మళ్లించుట, తుడుచుట నేరము" అని. గుంత చుట్టూ నాలుగు ఇత్తడి గుంజలు, వాటికి ఎర్ర తాడు. గంగాళం పెట్టకూడదన్నారు, బొట్టుకూ రాతికీ గల అనాది సంబంధం చెడుతుందట. వేసవికి ముందు ఒక దారితప్పిన వాన వచ్చింది. గంగాళం లేకపోయేసరికి హాలంతా చెరువైంది. పిల్లలు ట్రంకుపెట్టెల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ చదువుకున్నారు. కాపలాకు పెట్టిన మనిషి తాడు అవతల గొడుగేసుకుని నిలబడి, చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకున్నాడు.

ఆ వాన తడి ఆరకుండానే రెండో ఉత్తర్వు వచ్చింది. పిల్లల ఉచ్ఛ్వాస నిశ్వాసముల వల్ల జలస్రావమునకు హాని కలుగు అవకాశమున్నందున, వేసవి సెలవుల అనంతరము హాస్టలును ఇసకలవలసలోని ఖాళీ ఎరువుల గిడ్డంగికి తరలించడమైనది.

ఇసకలవలస ఏటికవతల ఉంది. అక్కడ బడి లేదు, బస్సు లేదు. గిడ్డంగి మాత్రం ఉంది. కబురు తెలిసి పిల్లల తండ్రులు వచ్చారు, సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లు, కొబ్బరి దింపేవాళ్లు. ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేస్తే బాగుండేదనిపించింది వరహాలమ్మకు. "ఏటవతలకైతే పిల్లల్ని ఒగ్గలేమమ్మా" అని నెమ్మదిగా చెప్పి, పిల్లల పెట్టెలు ఎంత బరువున్నాయో ఎత్తి చూసుకుని వెళ్లారు.

బంగారమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "మేడం, మా అయ్య నన్ను జీడిపిక్కల బట్టీలో పనికి ఎల్లమంతన్నాడు. పదైపోతే పంపనన్నాడు గానీ, పదవ్వాలంటే ఇల్లుండాల గదా."

"ఉంటుందే," అంది వరహాలమ్మ. ఎలా ఉంటుందో ఆమెకే తెలియదు.

తెలియకుండానే మే నెల వచ్చింది. జలస్రావాన్ని జాతికి అంకితం చెయ్యడానికి ముహూర్తం పెట్టారు. రాజధాని నుంచి చాలా పెద్దాయన వస్తున్నారని గోడలకు మళ్లీ పసుపు సున్నం కొట్టారు. అంతా అయ్యాక ధనుంజయకు ఒక సందేహం వచ్చింది.

"సార్, మే నెలలో వాన ఉండదు కదండీ. కారుడు... జలస్రావం ఎలాగండీ?"

విశ్వంభరరావు గారు పైకి చూశారు. కప్పు ఎండి గలగలలాడుతోంది. రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆయన మొహం కూడా అలాగే ఉంది.

మర్నాడు అగ్నిమాపక బండిని పిలిపించారు. రెండు కప్పుల నడుమ దోనెలోకి నీళ్లు కొట్టించి, లోపల అందరూ గుంత చుట్టూ నిలబడ్డారు. చిటపటమంది. గుంతలో ఒక చుక్క పడింది. అందరూ చప్పట్లు కొట్టబోయేంతలో వేదిక మీద ఒక ధార దిగింది. పెద్దాయన కుర్చీలో ఒకటి. మైకు మీద ఒకటి. రావు గారి నెత్తిన సన్నగా, ఓపిగ్గా ఇంకొకటి.

"వీటిలో చారిత్రకమైనది ఏది?" అని అరిచారు రావు గారు తుడుచుకుంటూ.

"గుంతలోదేనండి," అన్నాడు ధనుంజయ. "తక్కినవి నిరుటి తుపానుకు పడ్డ చిల్లులు."

"అనగా ఇవి అక్రమ స్రావములు! చరిత్రలోనికి చొరబడినవి! తక్షణము తొలగింపుడు."

"తొలగించాలంటే కప్పు మరమ్మతు చెయ్యాలండి. మరమ్మతులకు మంజూరు లేదండి."

గోడ వారగా నిలబడ్డ వరహాలమ్మకు ఆ మాట వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయి. కాని ఆ రోజు ఎందుకో దాని తోకెక్కడుందో కనిపించింది. ఇన్నేళ్లూ తను వాళ్లను తన మాటల్లో అడిగింది. వాళ్లకు వాళ్ల మాటలే అర్థమవుతాయి. కొంగు నిండుగా కప్పుకుని ముందుకు వచ్చింది.

"మరమ్మతని ఎందుకు రాస్తారు సార్? అక్రమ స్రావముల తొలగింపు అని రాయండి. పరిరక్షణ కిందికి వస్తుంది."

రావు గారు ఆమెను మొట్టమొదటిసారి చూసినట్టు చూశారు.

"ఇంకో మాట సార్. ఈ వాన సంగతి. ఇది దొరగారి కాలం నాటి వాన కాదు కదా. ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, ఎంత పడాలో దానికి తెలియదు. ఇలాంటి వానను మన స్రావం మీదికి వదిలేస్తే ఆ రాయి నాలుగేళ్లు ఉంటుందా?"

"ఉండదు," అన్నారు రావు గారు సన్నగా.

"కప్పు మొత్తం చుక్క దిగకుండా మూయించండి. దోనె వెడల్పు చేసి నీళ్లు బయటికి పంపించండి. అటక మీద ఒక డ్రమ్ము, దానికో కుళాయి, సరిగ్గా గుంత మీదికి ఒక సన్న గొట్టం పెట్టించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్ని చుక్కలు కావాలంటే అన్ని."

"నియంత్రిత స్రావము!" అన్నారు రావు గారు. ఆ మాట నోట్లో వేసుకుని కాసేపు చప్పరించారు. "అమ్మా, ఇట్టి పరిరక్షణ దృష్టి అరుదు. మీకు శాలువా కప్పవలసియున్నది."

"ఈ ఎండలో శాలువా ఎందుకు సార్. ఒక చిన్న అనుమానం తీర్చండి చాలు. పిల్లల్ని ఇసకలవలస పంపేశాక, ఇది ఎవరి మీద కారుతుంది?"

"రాతి మీద."

"రాతి మీద పడితే కారుడు ఎలా అవుతుంది సార్? చాప జరుపుకునేవాళ్లు ఉండాలి. గిన్నె తెచ్చి పెట్టేవాళ్లు ఉండాలి. ఇల్లు కట్టినవాణ్ణి తిట్టుకునేవాళ్లు ఉండాలి. కింద మనుషులుంటేనే కారుడు. లేకపోతే వట్టి నీళ్లు."

వేదిక మీది ధార కాస్త తగ్గింది.

"దొరగారి కాలమునందు కూడ తిట్టియుందురా?" అన్నారు రావు గారు చివరికి.

"దొరసాని అద్దాల గదిలోకి ఊరికే పోయిందా సార్!"

రావు గారి కలం కదిలింది. "సజీవ వారసత్వము" అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఎర్ర తాడు లోపలా వెలుపలా ఉన్న సమస్త అంశములూ, అనగా రాయి, గుంత, బొట్టు, గంగాళము, చాపలు, బాలికలు, ఎక్కడివక్కడే యుండవలెనని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఇసకలవలస గిడ్డంగి మళ్లీ ఎరువులకే దక్కింది.

అంకితోత్సవానికి మిగిలిన పన్నెండు రోజులూ కప్పు మీద తిరనాళ్లే. పాత పలకరాళ్లు దింపి కడిగి మళ్లీ పేర్చారు. చిల్లులు మూశారు. తారు కాచి పోశారు. జానెడు దోనె బారెడైంది. దొర కాలంలో మేస్త్రీ అడిగింది అదే. పటంలో లేదని కాదన్నారు. ఇప్పుడు పరిరక్షణలో ఉంది గనక ఎవరూ కాదనలేదు. సన్యాసమ్మ ప్రతి పూటా తలెత్తి చూసేది. "కారుడు కారడానికి ఇన్ని సోట్ల కారకుండా సెయ్యాలేటమ్మా! సదూకున్నోల్ల యవ్వారం సదూకున్నోల్లకే ఎరక."

అంకితోత్సవం రోజున కుళాయి దగ్గర కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావలసి వచ్చింది. అటకెక్కి దిగడం అలవాటున్నది సన్యాసమ్మ ఒక్కతే. "పెద్దాయన మీట నొక్కుతారు. చప్పట్లు వినబడతాయి. అప్పుడు సన్నగా తిప్పు. ఒక్క చుక్క చొప్పున," అని ధనుంజయ చెప్పి చెప్పి దిగాడు. మీట గోడకు బిగించి ఉంది గాని దేనికీ కలిపి లేదు.

పెద్దాయన వచ్చారు. ఆయన మెడలో దండ వేశారు. దండ వెయ్యగానే జనం చప్పట్లు కొట్టారు. అదే సమయానికి పెద్దాయన, గుంత అంటే ఇదేనా అని తాడు మీదుగా వంగి చూస్తున్నారు. అటక మీద సన్యాసమ్మ చప్పట్లు విన్నది. కుళాయి కొత్తది, బిగుసుకుపోయి ఉంది. చీరకొంగు చుట్టి బలమంతా పెట్టి ఒక్క తిప్పు తిప్పింది.

ధార తిన్నగా పెద్దాయన నడినెత్తిన పడింది.

విశ్వంభరరావు గారి గుండె ఆగింది. ధనుంజయ తన బదిలీ ఏ అడవికో లెక్క కట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం కదల్లేదు. ఇది కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. కళ్లు మూసుకుని, దోసిలి పట్టి, మూడుసార్లు తీర్థంలా పుచ్చుకుని, మిగిలింది తలకు రాసుకున్నారు. వెనకున్న అధికారులందరూ హోదా వరసలో తాడు దగ్గరికి వచ్చి దోసిళ్లు పట్టారు. పైనుంచి మాట వినిపించింది: "సాలా అమ్మా, ఇంకా ఒగ్గమంతారా?"

"నేడు చరిత్ర నా శిరస్సును తాకింది," అన్నారు పెద్దాయన మైకులో, చొక్కా పిండుకుంటూ. "ఇంగ్లండులోని అసలు బంగళాలో కూడా ఇంత చక్కగా కారుతుందా?"

రావు గారు వినయంగా వంగారు. "అచ్చటి మూల స్రావమును ఎవరో అజ్ఞానముచే మరమ్మతు చేసి నాశనము గావించినట్లు తెలియవచ్చుచున్నది. ప్రపంచమున మిగిలినది ఇదొక్కటే."

ఆ చప్పట్లు చాలాసేపు మోగాయి. అటక మీద సన్యాసమ్మకు ఏం చెయ్యాలో తోచక కుళాయి కట్టేసింది.

చూసేవాళ్ల కోసం కుళాయి తిప్పే వేళలు నిర్ణయించి, సోమవారం సెలవని చేర్చి గుమ్మానికి రాశారు. బడి లేని రోజుల్లో పిల్లలు వంతులేసుకుని గంగాళం పక్కన కూర్చుంటారు. వచ్చినవాళ్లు వాళ్లను చూస్తారు, వాళ్లు పుస్తకం చూసుకుంటారు. అప్పుడప్పుడు ఎవరైనా "తిట్టడం కూడా ఉంటుందన్నారు?" అని అడిగితే, బంగారమ్మ తలెత్తకుండానే "దొర దుంపతెగ" అని మళ్లీ లెక్కలో పడుతుంది.

ఆషాఢం మొదట్లో ఒక సోమవారం, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి, సముద్రం మీంచి మబ్బు లేచింది. పగలే చీకటి పడింది. హాల్లో ఒకతె అలవాటుగా "తాతయ్య లేచాడే!" అని అరిచింది. చాపలు జరిగాయి, పుస్తకాలు పెట్టెల్లోకి పోయాయి, గంగాళం వచ్చి గుంత మీద కూర్చుంది. బయట వాన కుండపోతగా దంచుతోంది. పిల్లలందరూ గోడలకు ఆనుకుని తలలెత్తి చూస్తున్నారు. ఎంతసేపు చూసినా గంగాళంలో చుక్క పడలేదు. తాడు అవతల ధూళి ధూళిగానే ఉంది. వాన చప్పుడు మొత్తం బయటే ఉండిపోవడం ఆ పిల్లలకు వింతగా ఉంది. ఒకరిద్దరికి భయం కూడా వేసింది.

బంగారమ్మ లేచి, గంగాళంలోకి తొంగి చూసి, వరహాలమ్మ దగ్గరికి వచ్చింది. "మేడం, తాతయ్య సచ్చిపోనాడా?"

వరహాలమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. చాపను హాలు నడిమధ్యకు లాగి, పిల్లను దాని మీద కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టింది.

"లేదే. తాతయ్యకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. సోమవారాలు సెలవు."